ఆయన నేర్పిన సన్నక్షరాలు

మాది తాండూరు. మనుమలు పుట్టాక, ఇంట్లో నాపరాయి మీద సుద్దముక్కతో మా ఆయనే నాకు అక్షరాలు దిద్దించారు. ఆవగింజలంత రాసేవారు.

"గింత సన్నగ రాస్తే నాకేం కనవడ్తది?" అంటే, "పెద్దగ రాస్తే బండ యాడ సరిపోతదే?" అని నవ్వేవారు.

కొన్నేళ్లకు ఆయనకు వణుకుడు జబ్బు వచ్చింది. ఆయనకు ఎనభై దాటాక, ఆ జబ్బు మీద పరిశోధన చేసే పట్నం డాక్టర్లు వికారాబాదులో కసరత్తులు నేర్పుతున్నారంటే తీసుకెళ్లాను. పోల్చి చూడటానికి తోడొచ్చినవాళ్లనూ పేరు రాయమన్నారు. నాది చూసి డాక్టరు ముఖం మారింది.

"అమ్మా, మీ చేతులు కూడా బిగుసుకుంటున్నాయా?"

నేనూ మంచాన పడితే ఈయనకు అన్నం ఎవరు తినిపిస్తారు?

"జర ఆగుండ్రి సార్," అన్నారు మా ఆయన బలహీనమైన గొంతుతో. "అది నా దస్తూరి. నేనెట్ల నేర్పితే గట్ల రాసింది."

డాక్టరు పెద్దగా రాయమన్నారు. కాగితం నిండా రాశాను. డాక్టరు నవ్వబోయి ఆగిపోయారు. అక్షరాలు చిన్నవవడం ఈ జబ్బు ముందుగా చూపే గుర్తుల్లో ఒకటట. మా ఆయన చెయ్యి వణకక ముందే అది మా బండ మీదికి వచ్చింది. నేను దాన్నే చదువనుకుని దిద్దుకున్నాను.

ఇప్పుడాయన సుద్దముక్క పట్టలేరు. నేను మాత్రం సన్నగానే రాస్తాను. ఆయన దస్తూరి ఇక నా చేతిలోనే ఉంది.