నలుగురొచ్చారు, ముగ్గురెళ్ళారు

హాజెర్ అక్క హోటల్లో దిగినవాళ్ళ కుక్కకు విషం పెట్టి చంపిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. రొట్టెల బట్టీ దగ్గర అడిగితే మాంసంలో ఎలుకల మందు కలిపిందంటారు. చేపల పడవల దగ్గర అడిగితే గాజుపొడి అంటారు. ఉద్యోగం పోయింది అందుకేననడంలో మాత్రం రెండుచోట్లా ఒకటే మాట. మరి ఆవిడ పెరట్లో కట్టి ఉన్న గోధుమరంగు కుక్క సంగతేమిటంటే, దానికీ జవాబు సిద్ధంగా ఉంది. "అది వేరే కుక్క. చంపిన పాపం కప్పిపుచ్చుకోవడానికి అచ్చం అలాంటిదాన్నే ఎక్కడో వెతికి తెచ్చింది. గుండెలు తీసిన బంటు!"

నేను ఆ హోటల్లోనే గదులు ఊడ్చి దుప్పట్లు మారుస్తాను. ఎనిమిదో తరగతితో బడి మాన్పించిన దగ్గర్నుంచి అదే పని. ఎనిమిది గదుల చిన్న హోటల్. యజమాని రిఫ్కీ గారు. వంటగది హాజెర్ అక్కది.

ఆవిడది కొండమీది పల్లె. పంతొమ్మిదో ఏట పడవలకు రంగులేసేవాణ్ణి కట్టుకుని సముద్రం ఒడ్డుకు వచ్చింది. అతను కొన్నేళ్ళకు ఇజ్మీర్ పట్నంలో ఇంకో ఇల్లు పెట్టాడు. ఎవరైనా జాలిపడబోతే, "వాడు పోవడం కాదు, నేనే తోలేశాను. తోక ఊపుకుంటూ తిరిగి రాలేదు, అంతవరకు నయం" అనేది. అప్పటినుంచి ఇరవై రెండు వేసవులు హోటల్లో పొద్దుటి ఫలహారం ఆవిడ చేతిదే. టమాటాలూ పచ్చిమిరపకాయలూ మగ్గించి వేసే గుడ్లు, రాయితో చితక్కొట్టిన పచ్చి ఆలివ్‌లు, తెల్ల జున్ను. వాటి కోసమే ఏటా వచ్చేవాళ్ళున్నారు. మెచ్చుకుంటే మాత్రం మొహం చిట్లించుకునేది. ఆలివ్‌లు కాస్త చేదుగా ఉన్నాయని ఒకాయన అంటే, "నన్నడుగుతారేం, చెట్టునడగండి" అంది.

అప్పటికి, ఇంకొక్క వేసవి పనిచేస్తే బీమా కట్టాల్సిన రోజులు నిండి పింఛను వస్తుంది. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ ఆలివ్ తోటల్లో నిచ్చెనలెక్కాల్సిందే. మోకాళ్ళు ఇప్పటికే అరిగిపోయాయి. ఈ సంగతి రిఫ్కీ గారికి తెలుసు, నాకూ తెలుసు.

వేసవిలో మా హోటల్‌కి కుక్కల్ని రానివ్వం. సెప్టెంబరు వచ్చి గదులు ఖాళీ కాగానే రిఫ్కీ గారు ఒక చెక్కపలక తీసి గుమ్మానికి తగిలిస్తారు, "కుక్కలకు స్వాగతం" అని. ఆ పలకను చూసినప్పుడల్లా హాజెర్ అక్క ఉమ్మేది. కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారనేది. కుక్క మూతి చేతికి తగిలితే, నమాజుకు ముందులా కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుని మళ్ళీ వజూ చేసుకునేదాకా గిన్నె ముట్టేది కాదు. అసలు కోపం వేరు. పట్నాలవాళ్ళు వేసవి ఇళ్ళకు తాళాలేసి పోతూ పోతూ కుక్కల్ని మా ఊళ్ళోనే వదిలేస్తారు. చలికాలం వచ్చేసరికి మా వీధుల్లో మనుషులకంటే అవే ఎక్కువ. మెడల మీద పట్టీ ఒరుసుకున్న గుర్తులు ఇంకా పోకుండానే ఆకలికి పిచ్చెత్తి తిరుగుతుంటాయి. కిందటేడాది అలాంటిదొకటి హాజెర్ అక్క కోళ్ళగూడు విరగ్గొట్టి పదకొండు కోళ్ళను చంపింది. ఆరోజు ఆవిడ రొట్టెల బట్టీ ముందు నిలబడి, "ఒక్కొక్కదానికి విషం పెట్టి చంపకపోతే నా పేరు హాజెర్ కాదు" అని అరిచింది. ఊరంతా విన్నది. అంతా గుర్తు పెట్టుకున్నారు.

ఆ సెప్టెంబరు పన్నెండున, గురువారం, బుర్సా పట్నం నుంచి ముగ్గురు స్నేహితురాళ్ళు తెల్ల కారులో దిగారు. మూడు రాత్రులు ఉండడానికి. కారు టులిన్ గారిది. వెనక సీట్లో ఉన్న గోధుమరంగు కుక్కా ఆవిడదే. దాని పేరు లోకుమ్. మిగిలిన ఇద్దరూ నిల్‌గున్, హందాన్. ముగ్గురూ ఒకే బళ్ళో చదువుకున్నారట. నిల్‌గున్ గారు గట్టిగా నవ్వుతారు. హందాన్ గారు ఏ మాటన్నా ముందు టులిన్ గారి మొహం చూస్తారు. టులిన్ గారు నవంబరులో కొత్త ఫ్లాట్‌లోకి మారబోతున్నారని మొదటి సాయంత్రమే టీ తాగుతూ చెప్పారు. లిఫ్టు, పాలరాయి, నేల కింద కారు పెట్టుకునే చోటు. "ఒక్కటే చిక్కు. ఆ భవనంలో కుక్కల్ని ఒప్పుకోరు" అన్నారు. అని మాట మార్చారు.

కుక్కలతో వచ్చేవాళ్ళ గదులు ఊడవడం తలనొప్పి పని. వాళ్ళు కుక్క పరుపు తెస్తారు, గిన్నెలు తెస్తారు, దువ్వెన తెస్తారు, బస్తాడు మేత తెస్తారు. టులిన్ గారు దిగిన మూడో నంబరు గదిలో అవేవీ లేవు. ఒక చిన్న పొట్లంలో అడుగున కాసిని మేత గింజలు, ఒక తాడు. శుక్రవారం చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే దూది కింద ఎర్ర తోలు మెడపట్టీ దొరికింది. దానికున్న ఇత్తడి బిళ్ళ మీద ఫోను నంబరును దేనితోనో గీకేశారు.

దాన్ని తీసుకెళ్ళి హాజెర్ అక్కకు చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి ఏప్రన్ జేబులో వేసుకుంది.

శనివారం పొద్దున ముగ్గురూ సముద్రం వైపు బల్ల దగ్గర కూర్చున్నారు. కుక్క బల్ల కింద పడుకుని ఉంది. హాజెర్ అక్క గుడ్లపెనం దించి, ఆలివ్‌ల గిన్నె పక్కనే మెడపట్టీ పెట్టింది.

"ఏంటిది?" అన్నారు నిల్‌గున్ గారు.

"ఆలివ్ అనుకుని కొరికేరు. మీ కుక్క మెడపట్టీ. చెత్తబుట్టలో పడిపోయింది."

టులిన్ గారి మొహం ఎర్రబడింది. "అది పాతది. కొత్తది కొంటున్నాం."

"ఎక్కడ కొంటున్నారు, సముద్రంలోనా? ఇక్కడ చేపలకి మెడలుండవు."

"ఏమ్మా, వంటమనిషివి వంట చూసుకోరాదూ!" అన్నారు నిల్‌గున్ గారు.

"అదే చూసుకుంటున్నా. నలుగురొచ్చారు, నలుగురికీ పెడుతున్నా. వెళ్ళేటప్పుడు నలుగురూ వెళ్ళండి. ఒకర్ని మర్చిపోయారనుకోండి, మా ఊళ్ళో పెట్టేవాళ్ళు లేరు."

రిఫ్కీ గారు లోపల్నుంచి పరుగున వచ్చారు. "మా హాజెర్ అక్క హాస్యం కాస్త మోటు మేడమ్. మనసు బంగారం."

"హాస్యమూ లేదు, బంగారమూ లేదు. కోళ్ళు పోయింది నాకు" అంది హాజెర్ అక్క.

"నీకు కుక్కలంటే అంత అసహ్యమా?" అని అడిగారు టులిన్ గారు, పక్క బల్లలవాళ్ళకు కూడా వినబడేలా.

"అసహ్యమే. దాచుకోను. మీరే దాచుకుంటున్నారు, దూది కింద."

మధ్యాహ్నం హందాన్ గారు ఒక్కరే వంటగది గుమ్మం దగ్గరికి వచ్చారు. కుక్క కోసం సుజుక్ కావాలన్నారు, ఒక పళ్ళెం నిండా. సుజుక్ అంటే మేం గుడ్లతో వేయించుకునే కారం మాంసం. హాజెర్ అక్క కత్తి ఆపి ఆవిడ వైపు చూసింది. "ఇంత మసాలా కుక్కకి పడదు తల్లీ."

"పర్లేదు, ఈ ఒక్కరోజే కదా" అన్నారు హందాన్ గారు. అనేసి పెదవి కరుచుకున్నారు.

హాజెర్ అక్క పళ్ళెం ఇచ్చింది. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ అంతా చూశాను. కుక్క ఆ పళ్ళెం నాకి నాకి శుభ్రం చేసింది. తర్వాత ముగ్గురూ దాన్ని కారెక్కించుకుని కొండకొమ్ము వైపు షికారు వెళ్ళారు.

పొద్దు వాలకముందే కారు తిరిగొచ్చింది. మూడు తలుపులు తెరుచుకున్నాయి. ముగ్గురు దిగారు.

టులిన్ గారు గుమ్మంలోనే ఏడుపు అందుకున్నారు. లోకుమ్‌కి వాంతులయ్యాయట, కళ్ళు తేలేసిందట, ఎటో పొదల్లోకి పరిగెత్తి పడిపోయిందట. ఎంత వెతికినా కనబడలేదట. "పొద్దున్న మమ్మల్ని బెదిరించింది. మధ్యాహ్నం మా బిడ్డకి మాంసంలో ఏదో కలిపి పెట్టింది. ఈ వంటమనిషే, ఇదే చంపింది!" పక్క గదులవాళ్ళు బయటికొచ్చారు. నిల్‌గున్ గారు ఫోను తీసి హాజెర్ అక్క మొహం ముందు పెట్టి, "మాట్లాడు, ఇప్పుడు మాట్లాడవేం? మీ హోటల్ సంగతి లోకమంతా చూస్తుంది" అన్నారు.

రిఫ్కీ గారి చెంపలమీద చెమట పట్టింది. హాజెర్ అక్కను పక్కకు లాగి గొంతు తగ్గించి అన్నారు. "అక్కా, ఒక్క మాట అనేసెయ్. సుజుక్ పాతబడిపోయింది, చూసుకోలేదు, తప్పైపోయింది, క్షమించండి. అంతే. వాళ్ళు ఊరుకుంటారు. నీ వేసవి నీకుంటుంది."

"తప్పు వాళ్ళది. క్షమాపణ నాదా?"

"పింఛను గురించి ఆలోచించుకో."

హాజెర్ అక్క ఆయన్ని దాటి హందాన్ గారి ముందుకు వెళ్ళింది. "నువ్వు చెప్పమ్మా. సుజుక్ అడిగిందెవరు? ఎందుకడిగావు?"

హందాన్ గారు టులిన్ గారి మొహం చూశారు. "నాకు గుర్తులేదు" అన్నారు.

అప్పుడు రిఫ్కీ గారు నావైపు తిరిగారు. "జుహాల్, నువ్వక్కడే ఉన్నావుగా. ఏం చూశావు?"

అందరూ నన్ను చూస్తున్నారు. "నేను దుప్పట్లు ఆరేస్తున్నాను" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అది అనగలిగాను.

హాజెర్ అక్క నన్ను తిట్టలేదు. ఏప్రన్ విప్పి చేత్తో పట్టుకుంది. "పాతబడింది సుజుక్ కాదు రిఫ్కీ, నీ కళ్ళు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆదివారం ఫలహారం నేను చేశాను. గుడ్లు మాడిపోయాయి. ముగ్గురూ తినకుండానే బయల్దేరారు.

అదేరోజు హాజెర్ అక్క కొండకొమ్ము దారి పట్టింది. కుక్కమీద ప్రేమతో కాదు. "శవం దొరికితే విషం లేదని చూపిస్తా, బతికుంటే ఈడ్చుకొచ్చి రిఫ్కీ గుమ్మానికి కడతా" అని తిట్టుకుంటూ వెళ్ళిందట. తొమ్మిది కిలోమీటర్లు. ఎండిపోయిన పాత నీళ్ళధార ఉన్న మలుపులో లోకుమ్ రోడ్డు పక్కన కూర్చుని ఉంది, కార్లు వచ్చే వైపు మొహం పెట్టి. వాంతీ లేదు, వల్లకాడూ లేదు. పిలిస్తే రాలేదు. ప్రతి తెల్ల కారుకీ లేచి నిలబడుతోందట. "తెల్లారేదాకా అక్కడే కూర్చున్నట్టుంది, బుద్ధిలేని వెధవది. అంత నమ్మకం నా మొగుడికి ఉంటే బాగుపడేదాన్ని" అని తర్వాత నాతో అంది. ఏప్రన్ తాళ్ళు దాని మెడకు కట్టి లాక్కొచ్చింది. మినీబస్సువాడు కుక్కను ఎక్కించుకోనన్నాడు. తొమ్మిది కిలోమీటర్లూ మళ్ళీ నడిచింది.

సోమవారం నాకు సెలవు. ఆవిడకు చదవడం రాదు. కాబట్టి జిల్లా పట్నంలో పశువుల డాక్టరు దగ్గరికి నేను తోడు వెళ్ళాను. రమ్మని ఆవిడ అడగలేదు, వద్దనీ అనలేదు. పెంపుడు కుక్కల మెడలో, తోలు కింద, బియ్యపు గింజంత చిప్పు ఉంటుంది. మెడపట్టీ తీసేయగలరు గాని దాన్ని తీయలేరు. దాని నంబరు కొడితే సర్కారు లెక్కల్లో యజమాని ఎవరో తెలుస్తుంది, కుక్కను వదిలేసినవాళ్ళకు జరిమానా పడుతుంది. డాక్టరు ఒక పరికరం మెడమీద పెట్టాడు. అది కూతపెట్టింది. ఆయన కంప్యూటరు వైపు చూశాడు, కుక్క వైపు చూశాడు, మళ్ళీ కంప్యూటరు వైపు చూశాడు. ఒక కాగితం అచ్చు తీసి ముద్రవేసి ఇచ్చాడు. రోడ్డుమీద నిలబడి దాన్ని చదివి వినిపించాను. హాజెర్ అక్క రెండుసార్లు చదివించుకుంది.

రిఫ్కీ గారి ముందు మూడోసారి చదివాను. ఈసారి గట్టిగా చదివాను. ఆయన గుమ్మం పలకను సరిచేస్తున్నట్టు నటిస్తూ విన్నారు. "ఈ కాగితం నేనేం చేసుకోను? ఆ ముగ్గురూ ఇంటర్నెట్‌లో ఒక్కొక్క నక్షత్రం ఇచ్చి, హోటల్ వంటమనిషి కుక్కని చంపిందని రాసిపోయారు. అది చెరిపించగలవా? కొత్త వంటమనిషిని మాట్లాడేసుకున్నాను" అన్నారు.

ఇప్పుడు హాజెర్ అక్క ఆలివ్ తోటల్లో నిచ్చెనలెక్కుతోంది. కుక్క కింద పడుకుంటుంది. దాన్ని ఇంకా గడప దాటనివ్వదు, మూతి తగిలితే ఇంకా తిట్టి వజూ చేసుకుంటుంది. కొత్త కోళ్ళు తెచ్చింది. వాటి గూటి ముందు దాన్ని కట్టేసి, "నీ జాతివాళ్ళు చేసిన నష్టం నువ్వు తీర్చు" అంటుంది. ఊళ్ళోవాళ్ళు ఆ పెరటి ముందు నుంచి పోతూ గొంతు పెంచి అనుకుంటారు, "ఇది ఆ కుక్క కాదు" అని. ఆవిడ ఓ మట్టిపెళ్ళ విసురుతుంది. ఒక్కోసారి తగులుతుంది కూడా.

కాగితం ఆవిడ పిండి డబ్బాలో ఉంది. వింటామన్నవాళ్ళకు నేను చదివి వినిపించాను. వింటామన్నవాళ్ళు ఇద్దరే. అందులో నాలుగు వరుసలున్నాయి. పేరు, లోకుమ్. రంగు, గోధుమ. యజమాని, బుర్సా వాసి టులిన్. నాలుగో వరుసలో ఆ యజమాని స్వయంగా ఇచ్చిన సమాచారం: ఈ కుక్క సెప్టెంబరు తొమ్మిదిన చనిపోయింది.

వాళ్ళు మా హోటల్లో దిగింది పన్నెండున.