దిమ్మ పట్టే చెయ్యి

మా కింది వాటా బాబాయి నాకు చుట్టమేమీ కాడు. కింద ఆయన, పైన నేను, ఇద్దరం అద్దెకున్నవాళ్ళమే. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయన లారీ మీద తిరిగే మనిషి, వారంలో రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. పైన నా మిషను చప్పుడు, కింద ఆయన రేడియో చప్పుడు. ఏళ్ళ తరబడి ఒకరినొకరం భరిస్తూ వచ్చాం. అందుకే ఒకరోజు ఆయన సగం బయటికి వేలాడుతున్న పడవనొకదాన్ని ట్రాలీ ఆటోలో తెచ్చి ఇంటి ముందు దింపితే, అరిచే హక్కు నాకు లేకపోయింది. అయినా అరిచాను.

పడవంటే ఏదో ఊహించుకోకండి. ఇద్దరు మనుషులు కూర్చుంటే నిండిపోయే అల్యూమినియం పడవ. ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేసినట్టున్నారు, అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. అడుగంతా తారు మచ్చలు. కూర్చునే చెక్కలు పుచ్చిపోయి, వేలు పెడితే పొడి రాలుతోంది. నేను బట్టలు ఆరేసుకునే జాగా మొత్తం అదే ఆక్రమించింది. "ఎన్నాళ్ళుంటుంది బాబాయ్ ఇది?" అని నిలదీస్తే, "అయిపోతుందిలే అమ్మాయ్" అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. అడిగినదానికి జవాబు చెప్పడు, చెప్పినదాన్ని పట్టుకుని పోట్లాడ్డానికీ వీలుండదు.

ఆయన బతుకంతా బస్సు బాడీలు కట్టే షెడ్డులో గడిచింది. చట్రానికి అల్యూమినియం రేకులు తొడిగి, మేకుల్లాంటి రివెట్లు కొట్టే పని. ఈ పని ఒక్కడు చేసేది కాదని నాకు ఆ పడవ వచ్చేదాకా తెలియదు. రేకుకి బయట ఒకడు సుత్తితో కొడతాడు. లోపల ఇంకొకడు రివెట్ తోకకి ఇనుప దిమ్మ అదిమి పట్టుకుంటాడు. దెబ్బకి తోక ఆ దిమ్మ మీద నలిగి బొడిపెలా కూర్చుంటుంది, రెండు రేకులూ ఒకటవుతాయి. దిమ్మ పట్టేవాడు సరిగ్గా పట్టకపోతే కొట్టేవాడు ఎంత మొనగాడైనా దండగే. కానీ బయటికి కనిపించేది కొట్టేవాడు, మేస్త్రీ అనిపించుకునేదీ వాడే. ఆ కొట్టేవాడు బాబాయికి స్వయానా బావ, అక్క మొగుడు. లోపల చీకట్లో దిమ్మ పట్టినవాడు మన బాబాయి. షెడ్డులో ఆయన్ని "దిమ్మ" అనే పిలిచేవాళ్ళట. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదట.

"లోపల బావ కనిపించేవాడు కాదు. దెబ్బ మాత్రం చేతికి తెలిసేది. దెబ్బని బట్టి బావకి ఆకలేస్తోందో, ఎవరి మీదైనా కోపమొచ్చిందో చెప్పేసేవాణ్ణి," అని ఒకసారి అన్నాడు. ఆయన తన గురించి తాను గొప్పగా చెప్పుకోగా విన్నది ఆ ఒక్కసారే.

పెళ్ళి చేసుకోలేదు. వద్దనీ అనలేదు, కావాలనీ అనలేదు. అక్క తెచ్చిన సంబంధాలన్నిటికీ తల ఊపి మర్నాడు షెడ్డుకి పోయేవాడట. చివరికి తెచ్చేవాళ్ళు విసుగెత్తి మానేశారు. అలా ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలిపోయిన మనిషికి ఉన్న సరదా ఒక్కటే. ఆదివారం తెల్లవారేసరికి బావ ఇంటికి వెళ్ళడం, ఇద్దరూ ఈ పడవ వేసుకుని ఊరవతల రిజర్వాయర్లో గాలాలు వేసుకుని కూర్చోవడం, చీకటి పడ్డాక రావడం. అక్క అప్పట్లో ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆవిడకీ సెలవు ఆదివారమే. ఆ పడవకి ఆవిడ పెట్టిన పేరు "సవతి". నవ్వుతూనే అనేది కాబట్టి బావా బావమరుదులిద్దరూ నవ్వేసి ఊరుకునేవాళ్ళు.

రెండేళ్ళ కింద ఆ బావ గుండె ఆగి పోయాడు. షెడ్డు అంతకుముందే మూతపడింది. ఆ తర్వాత బాబాయి అక్క ఇంటికి పోవడం తగ్గించేశాడు. ప్రేమ లేక కాదు, ఏ పని మీద వెళ్ళాలో తెలియక. పని లేకుండా ఒకరి గడప తొక్కడం ఆయనకి చేతకాదు. మొన్న అక్కే కబురు పెట్టింది, ఆ సవతిని నా పెరట్లోంచి తీసుకుపోతావా, పాత సామాన్ల వాడికి తూకానికి వేసెయ్యనా అని. ఈయన పరుగున వెళ్ళి ట్రాలీ ఆటో ఎక్కించుకొచ్చాడు. దాన్ని బాగుచేసి నీళ్ళలోకి దింపాలి. అంతకుమించి ఆయనకి ప్రపంచంలో కావలసిందేమీ లేదు. "ఆదివారాలు గడవటం లేదమ్మాయ్," అన్నాడు నాతో. నేను చేతిలో ఉన్న చొక్కా కాలరు చూస్తూ ఉండిపోయాను.

పని మొదలుపెట్టాక నా ప్రాణం తీశాడు. తారు గీకాడు, రంగు గీకాడు, వైరు బ్రష్షుతో ఇంచీ ఇంచీ రుద్దాడు. ఆ పొడి ఎగిరొచ్చి నేను ఆరేసిన కొత్త బట్టల మీద పడితే మళ్ళీ ఉతికి ఇచ్చాను. పుచ్చిన చెక్కలు పీకి, కొత్త చెక్క కొలిచి కోసి, మూడు పూతలు వార్నిష్ వేశాడు. ఇదంతా ఒక్కడే. ఆ తర్వాత పడవని ఇటుకల మీదికెక్కించి లోపల నిండా నీళ్ళు పోశాడు. అడుగున రివెట్లు కన్నీళ్ళు పెట్టుకున్నాయి. కారిన చోటల్లా గుడ్డతో తుడిచి మార్కరుతో సున్నా చుట్టుకుంటూ పోయాడు. చూస్తుండగానే అడుగంతా సున్నాలైపోయింది. అప్పుడు కూర్చుండిపోయాడు. ఆ రివెట్లన్నీ తీసి కొత్తవి కొట్టాలి. కొట్టేందుకు తనున్నాడు, లోపల దిమ్మ పట్టేదెవరు?

హార్డ్‌వేర్ షాపువాడు ఒక్క మనిషే కొట్టుకోగలిగే రివెట్లున్నాయని చెప్పాడట. మధ్యలో బోలుగా ఉంటాయి, తుపాకీ లాంటి దానితో టప్పుమనిపిస్తే చాలు. బాబాయి ఇంటికొచ్చి, ఆ షాపువాడు తన అమ్మని తిట్టినట్టు బాధపడ్డాడు. అవి ఇవాళ బాగానే ఉంటాయట, కొన్నాళ్ళు పోతే ఆ బోలులోంచే నీళ్ళు ఊరతాయట. పడవని తలకిందులుగా స్టాండ్ల మీద బోర్లించి, లోపల దిమ్మకి కారు జాకీ ఆనించి చూశాడు, దుంగ ముక్క ఊతంగా పెట్టి చూశాడు. దెబ్బ పడగానే దిమ్మ ఎగిరి కింద పడేది. దిమ్మ వెనక చెయ్యే ఉండాలట. దెబ్బకి కొంచెం తగ్గాలి, మరుక్షణం తిరిగి నెట్టాలి. జాకీకి ఆ తెలివి ఎక్కడిది? పాత షెడ్డువాళ్ళకి ఫోన్లు చేశాడు. ఒకడికి కంటి ఆపరేషనైంది, ఒకడు ఊరు మారాడు, మూడోవాడి నంబరు ఎవరో కొత్తమ్మాయిది. ఆ అమ్మాయికి సారీ చెప్పి, ఆ పూటంతా మళ్ళీ ఫోను ముట్టుకోలేదు.

చూడలేక నేనే పడవ కిందికి దూరాను. సరిగ్గా కూర్చుందనిపిస్తే రెండుసార్లు తట్టమన్నాడు. మొదటి దెబ్బకే నా తల లోపల గంట మోగినట్టయింది. తట్టాను. ఆయన చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూసి, ఆ రివెట్ తీసేశాడు. రెండోది కొట్టాం. అదీ తీసేశాడు. మూడోదానికి, "వద్దులే అమ్మాయ్. నువ్వు దెబ్బ రాకముందే వెనక్కి పోతున్నావు," అన్నాడు. మెత్తగానే అన్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎండలో పని మానుకుని వస్తే ఇదా మర్యాద? "మీ అక్కయ్య ఉందిగా. సూదులేసేటప్పుడు ఎంతమంది పిల్లల్ని కదలకుండా పట్టుకుందో ఆవిడ. నోరు తెరిచి అడగలేరా?" అన్నాను. ఏదో నోటికొచ్చి అన్నమాట. ఆయన సుత్తి కింద పెట్టి నా వంక చూశాడు. ఆ సాయంత్రం చొక్కా మార్చుకుని బయలుదేరాడు.

ఎలా అడిగాడో ఆవిడే తర్వాత చెప్పింది. గుమ్మంలో నిలబడి, ఓ ఇనుప ముక్క పట్టుకోవాలక్కా అన్నాడట. ఎంతసేపురా అంటే ఒక రోజు అన్నాడట. దేనికి అంటే మాత్రం నీళ్ళు నమిలాడట. సవతికేనా అని ఆవిడే అందుకుందట.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, బక్కగా, నిటారుగా ఉంది. వస్తూనే పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దీనికింత మర్యాద జరగలేదు," అంది. జుట్టు ముడి బిగించుకుని కిందికి దూరింది. పాత పరుపు పరిచి చిన్న స్టూలు వేసి ఉంచాడు బాబాయి. బయటికి ఆవిడ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. నేను మెట్ల మీద కూర్చుని ఒక అంచు కుడుతున్నాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ కూడా దిమ్మ జారిస్తే చూసి సంతోషిద్దామని కూర్చున్నాను.

మొదటి దెబ్బ. లోపల నుంచి రెండు తట్లు. బాబాయి చెయ్యి పెట్టి తడిమాడు. ఏమీ అనలేదు. రెండో రివెట్ తీసుకున్నాడు. అంతే, అదే ఆయనిచ్చే సర్టిఫికెట్టు. అలా ఒక వరస పూర్తయింది. వీధిలో వాళ్ళు ఆగి చూసి పోతున్నారు. రెండో వరసలో సగానికొచ్చేసరికి పడవ లోంచి ఆవిడ గొంతు, బిందెలోంచి వచ్చినట్టు వచ్చింది.

"పొద్దున పోతే చీకటిపడ్డాక వచ్చేవాళ్ళు. అంతసేపు ఏం మాట్లాడుకునేవాళ్ళురా మీరిద్దరూ?"

బాబాయి ఇంకో రివెట్ చేతిలోకి తీసుకున్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి. "ఏమీ లేదక్కా. ఊరికే కూర్చునేవాళ్ళం," అన్నాడు.

"ఏమీనా?"

"ఏమీ లేదు."

పాదాలు కొంచెం లోపలికి జరిగాయి. అప్పుడు అంది, "ఏవో మగాళ్ళ మాటలుంటాయి, నేనుంటే అడ్డమనుకున్నా ఇన్నేళ్ళూ. ఊరికే కూర్చోవడానికైతే నేనూ వచ్చేదాన్ని కదరా. ఒక్కసారైనా రమ్మనలేదేం?"

"బావ అడుగుతాడనుకున్నా."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయనకే వినబడినట్టుంది. సుత్తి పట్టుకున్న చెయ్యి పక్కకి దిగిపోయింది. నాకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీద పడాలో తెలియలేదు. పోయినవాడి మీద అరిస్తే ఏం లాభం? ఉన్నవాడిని చూస్తే అరవబుద్ధి కావడం లేదు.

"ఇప్పుడు రా అక్కా," అన్నాడు వంగి, రేకుకి మొహం దగ్గరగా పెట్టి. "వచ్చే ఆదివారమే పోదాం."

"ఇప్పుడెందుకురా. నాకు అప్పుడు రావాలనుండేది," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "కొట్టు. చెయ్యి లాగుతోంది."

కొట్టాడు. దెబ్బలో పస లేదు. లోపల తట్లు పడలేదు. సరిగ్గా కొట్టు, నేనేం విరిగిపోనులే అని వినిపించింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి తట్టింది. ఆ తర్వాత సుత్తి ఆగలేదు. నేను టీ చేసి తెచ్చేదాకా చప్పుడే, టీ తాగాక మళ్ళీ చప్పుడే. ఎండ గోడ మీదికి పోయేసరికి చివరి రివెట్ పడింది. ఆవిడ బయటికొచ్చి నడుం పట్టుకుని నిలబడింది. చేతులు ఎర్రగా కందిపోయాయి. నీళ్ళు పోసి చూడమంది. ముగ్గురం పడవని తిప్పి నిండా నీళ్ళు పోశాం. అడుగున ఒక్క చుక్క లేదు. ఆవిడ వంగి, అడుగంతా అరచేత్తో తడిమి, ఆ చేతిని చూసుకుంది. పొడిగా ఉంది. బాగుందిరా అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా వస్తానని ఈయన వెంటపడితే, నాకు దారి తెలుసు పొమ్మంది.

వారం తిరిగింది. ఆదివారం తెల్లవారుతుండగానే ట్రాలీ ఆటో చప్పుడైంది. నేను కిందికి దిగేసరికి పడవ ఎక్కించేసి ఉంది. బాబాయి ఇసుక బస్తా ఒకటి నేల మీద ఈడుస్తూ, ఒకవైపు పట్టమ్మాయ్ అన్నాడు. ఇసుకెందుకని అడిగాను. వెనక సీట్లో తనొక్కడే కూర్చుంటే పడవ ముక్కు గాల్లోకి లేస్తుందట. ముందు ఒక మనిషి బరువుండాలట.

నేను రానా అని అడుగుదామనుకున్నాను. మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి. నిజంగానే ఉన్నాయి. అడగలేదు.

ఇద్దరం బస్తాని పైకెత్తాం. ముందు సీటు కొత్త చెక్కతో, వార్నిష్‌తో మెరుస్తోంది. దాని మీద పెట్టబోతుంటే ఆయన వద్దన్నాడు. వంగి, అవస్థపడి, బస్తాని సీటు కిందికి తోశాడు. బరువు పైనుంటే ఏం, కిందుంటే ఏం, ఇంత పాటు దేనికని విసుక్కున్నాను.

"సీటు ఖాళీగా ఉండనీ," అన్నాడు. "దారిలో అక్క ఇంటి ముందు ఆపి ఓసారి పిలుస్తా."

ఆవిడ రాదు బాబాయ్ అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన ఆ సీటుని తువ్వాలుతో తుడిచి, ఆటోవాడి పక్కన ఎక్కి కూర్చున్నాడు.