లాభం, రెండు, మూడు

రోడ్డు వారన ఆరబోసిన కొత్త ధాన్యం వాసన ఆటోలోకి కొడితే చాలు, నా ఎడమ చెయ్యి దానంతటదే ఒళ్లోకి ముడుచుకుంటుంది. వారానికి మూడుసార్లు నరసన్నపేట నుంచి డయాలసిస్‌కు వెళ్లే దారి అది. కోతల రోజుల్లో ఆ దారి నాకు పడదు. అప్పన్న మావ గుర్తొస్తాడు.

మావ అంటే చుట్టం కాదు, ఆసుపత్రిలో పక్క మంచం. రైతుల కళ్లాల్లో కుంచంతో ధాన్యం కొలిచి బతికిన మనిషి. నేను బట్టలు కుట్టేదాన్ని. రోగం వచ్చిన ఏడాదికే కాళ్లు పుల్లల్లా అయిపోయి, కుట్టుమిషను నాలుగు నిమిషాలు తొక్కలేకపోయాను. మిషను తొక్కలేనిదాన్ని ఎందుకు బతకాలి అని నిజంగానే అనుకున్నాను. మంచం ఎక్కగానే గోడవైపు మొహం తిప్పేసేదాన్ని.

వ్యాయామం నేర్పడానికి ఒకమ్మాయి వచ్చేది. మొదటి రెండు గంటల్లోనే చెయ్యాలి, తర్వాత బీపీ పడిపోతుందని చెప్పి, పడుకునే కాళ్లెత్తమనేది. "రత్తమంతా బయట తిరగతంటే డ్రిల్లొకటేటి మాకు?" అని కసిరాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. మావ మాత్రం కాలెత్తి లెక్క మొదలుపెట్టాడు. "లాభం... రెండు... మూడు..."

"ఒకటేది మావా?" అన్నాను.

"కళ్లంలో ఒకటనరమ్మీ. మొదటి కుంచం లాభమే. ఇంక నువ్వెత్తు, నాను కొలుస్తాను."

నవ్వొచ్చి ఎత్తాను. ఐదుకే ఆయాసం వచ్చేసింది. "ఐదు కుంచాలంటే తక్కువేటి? ఓ వారం గడిసిపోతాది" అన్నాడు. అలా కొలిచి కొలిచి, వానలు వెనకబట్టేసరికి నన్ను ముప్పైకి తెచ్చాడు. ఒక జాకెట్టు ఆపకుండా కుట్టి, తీసుకెళ్లి మావ చేతిలో పెట్టాను, అత్తకిమ్మని. దాన్ని తిరగేసి తిరగేసి చూసుకున్నాడు.

సూదులు గుచ్చడానికి మా ఇద్దరికీ ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. ముట్టుకుంటే లోపల గుయ్యిమంటుంది. అది బలపడాలని మొదట్లో రబ్బరు బంతి పిసికించారు. ఒకరోజు మావ అడిగాడు, "కాళ్లకి కసరత్తు మంచిదైతే ఈ సేతికీ మంచిదే గదేటి?" నేను పెద్ద తెలిసినదానిలా, "మంచిదే, నేకపోతే బంతెందుకిచ్చారు?" అన్నాను. ఎందుకడుగుతున్నావు మావా అని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? ఆ చేత్తో బరువెత్తకూడదని మాకు మొదటిరోజే చెప్పారు. నాకు తెలుసు కూడా. నా నోరు ముందు, బుద్ధి తర్వాత.

కోతలొచ్చాయి. ఇప్పుడు అన్నీ కాటాలే అయినా, మొదటి కుంచం మావ చేత కొలిపించాలని ఒక ముసలి రైతు పట్టుబట్టాడట. ఒక్కటితో ఆగే మనిషా! మధ్యాహ్నం దాకా వంగి రెండు చేతులతో కొలుస్తూనే ఉన్నాడట. మర్నాడు వచ్చి చెయ్యి నా ముందుకు చాపాడు.

"సూడమ్మీ, మోగతందా?"

అరచెయ్యి ఆనించాను. ఏమీ లేదు.

లోపల రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోయిందని, డయాలసిస్‌కు మెడలో గొట్టం వేశారు. దానికి చీము పట్టి జ్వరం తగులుకుంది. నువ్వే కదా మంచిదన్నావు అని మావ ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. చివరిసారి చూసినప్పుడు, "నాను కొలవనేనమ్మీ, నువ్వే కొలుసుకో" అన్నాడు. నెల తిరక్కుండానే ఆ మంచం మీదికి వేరే మనిషి వచ్చింది.

కొత్తగా ఎవరొచ్చినా ముందు వాళ్ల చెయ్యి పట్టుకుని, ఈ చేత్తో నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని చెబుతాను. విసుక్కున్నా రెండోసారి చెబుతాను. ఆ తర్వాతే కాళ్లెత్తిస్తాను. నా మిషను ఇంకా నా కాళ్లతోనే నడుస్తోంది. లెక్క నేనే పెడతాను. "లాభం" ఒక్కటీ పైకి రాదు, పెదాలతోనే అంటాను. రెండు నుంచి బాగానే వస్తుంది.