కుడికా, ఎడమకా?

బాలనర్సయ్య మంచివాడని ఎవరైనా చెబితే నమ్మకండి. పనిమంతుడు, అది వేరే మాట. కూకట్‌పల్లి దాటాక బొంబాయి రోడ్డు పక్కన ఉన్న ఫ్యాక్టరీలన్నీ గాలించినా అతని చెయ్యి లాంటి చెయ్యి ఇంకోటి దొరకదు. కానీ ఒక్క అబద్ధానికి ఏడేళ్ళు పగబట్టిన మనిషిని మంచివాడంటే, నిజంగా మంచివాళ్ళు ఏమైపోవాలి? అయినా ఆ పగ ఎందుకు పట్టాడో వినండి. విన్నాక మీరూ అతని పక్కనే నిలబడతారు.

కొత్తగూడలో వడ్రంగం చేసే వడ్లవాళ్ళ ఇల్లు వాళ్ళది. తండ్రి బండి చక్రాలు చేసేవాడు. కొడుకు ఆ బాడిసె, ఆ ఉలి పట్టుకునే నీళ్ళ పంపుల ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ అతని పని చెబితే చిన్నదే. కాగితం మీద గీసిన బొమ్మను చూసి, దాన్ని టేకు చెక్కలో నిలబెట్టాలి. ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఇంకో బొమ్మ, అంతే ఆ కాగితంలో ఉండేది. ఆ రెంటినీ కలిపి వస్తువును చెయ్యడం ఇతని వంతు. ఆ చెక్క వస్తువునే ప్యాట్రన్ అంటారు. దాన్ని ఇసకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు, చల్లారాక లేతు మిషను మీద గీకి నునుపు చేస్తారు. ఇనుము చల్లారితే కాస్త కుంచించుకుంటుంది కనుక ఆ కాస్త ముందే చెక్కలో కలపాలి. మిషను గీకేసేది ఇంకాస్త. ఇదంతా బాలనర్సయ్య కాగితం ముందు నిలబడి, కళ్ళు మూసుకుని లెక్కగట్టేవాడు.

"ఏంది బావా, నిలవడి నిద్రవోతున్నవా?" అని ఏడిపించేవాడు పోతపని లింగమూర్తి.

"ఆగురా బై. లోపల బొమ్మ తిరుగుతున్నది" అనేవాడు. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. గీత మాత్రం ఏది చూపించినా చదివేవాడు.

అరవై తొమ్మిదిలో ఒక కొత్త పంపు డ్రాయింగు వచ్చింది. పరదేశం నుంచి వచ్చిన కాగితాన్ని మన డ్రాయింగు ఆఫీసులో పలచటి కాగితం మీద దించి, మూలన మన కంపెనీ పేరున్న గడి అతికించి కిందికి పంపారు. కింద సంతకం విశ్వేశ్వరరావుది. కాకినాడ వైపు మనిషి, చదువుకున్న ఇంజనీరు, ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు. డ్రాయింగు ఆఫీసుకు ఆయనే పెద్ద.

బాలనర్సయ్య ఆ కాగితం ముందు ఒక పూటంతా నిలబడ్డాడు. బొమ్మ లోపల తిరగలేదు. నత్తగుల్లలా చుట్టుకున్న పంపు డొక్కు అది, నీళ్ళు తిరిగే ఇనుప గుల్ల. నీళ్ళు పీల్చే మూతికి ఎదురుగా నిలబడి చూస్తే, నీళ్ళు బయటికి తోసే గొట్టం కుడికి ఉందా, ఎడమకు ఉందా? గీతలు ఒకటి చెబుతున్నాయి, పక్క బొమ్మ వేసిన చోటు ఇంకోటి చెబుతోంది. కాగితం చుట్టి చంకన పెట్టుకుని మెట్లెక్కి ఆఫీసుకు పోయాడు.

"సార్, జర సూడుండ్రి. ఈ గొట్టం కుడికా, ఎడమకా?"

విశ్వేశ్వరరావు తలెత్తలేదు. "ఏమయ్యా, మన డ్రాయింగులు ఇవాళే చూస్తున్నావా? ఎప్పుడూ ఎలా చదువుతావో అలాగే చదువు. ఉన్నది ఉన్నట్టు చెయ్యి. ఆలోచించడం నీ పని కాదు."

ఉన్నది ఉన్నట్టు చేశాడు. ఎప్పుడూ చదివినట్టే చదివాడు. అరవై డొక్కులు పోతపోశారు. అరవైకి అరవై, గొట్టం ఎడమకు తిరిగి వచ్చాయి. కావలసింది కుడికి. అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడింది. మోటారు తిరిగేది ఒకవైపు, డొక్కు చుట్టుకున్నది ఇంకోవైపు. అరవైలో ఒక్కటి పనికిరాలేదు.

జనరల్ మేనేజరు రామ్మోహనరావు అందర్నీ ఆవరణలో నిలబెట్టి విచారణ చేశాడు. "నేను అడిగిన సార్, కుడికా ఎడమకా అని" అన్నాడు బాలనర్సయ్య. విశ్వేశ్వరరావు కనురెప్ప వెయ్యకుండా చెప్పాడు: "నన్నెవరూ అడగలేదండి. బండి చక్రాలు చేసుకునేవాణ్ణి తెచ్చి ఈ పనిలో పెడితే ఇంతే మరి." కొందరు కిసుక్కున నవ్వారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. కానీ ఆ మద్దెలకు నోరుండీ ఆ రోజు ఎవరూ వినలేదు, అదీ అన్యాయం.

అంతటితో వదిలినా పోయేది. "ఆ ప్యాట్రన్‌ను నువ్వే మోసుకెళ్ళి తుక్కులో పడెయ్. చేతుల్లో కాదు, తలమీద పెట్టుకో. అందరూ చూడాలి" అన్నాడు విశ్వేశ్వరరావు. తాతతండ్రుల నాటి నుంచి చెక్క చెక్కిన వంశం. తన చేతి పనిని తలమీద పెట్టుకుని, నూరుమంది చూస్తుండగా ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తుక్కు దగ్గర దించి, వెనక్కి తిరిగి వచ్చి ఒక్కటే అడిగాడు: "సార్, ఇది పొయ్యిలకు వనికొస్తది. ఇంటికి కొంచవోత, గేటు చీటీ రాసియ్యుండ్రి." పీడా పోతుందని విశ్వేశ్వరరావు రాసిచ్చాడు.

పొయ్యిలో పెట్టలేదు. వాకిట్లో వేసి పీటలాగ దాని మీద కూర్చున్నాడు. మొహం కడిగేది దాని మీదే, అన్నం తినేది దాని మీదే.

"ఎగుడుదిగుడు మొద్దు మీద ఎందుకు కూసుంటవయ్యా? మంచి పీట ఒకటి చెక్కుకోరాదూ, వడ్లోనివైతివి!" అంది భార్య రుక్కమ్మ.

"గుచ్చుకుంటెనే యాదికుంటది" అన్నాడు బాలనర్సయ్య.

అతనికి కావలసింది ఒకటే. ఆ ఆవరణలోనే, ఆ మనుషుల ముందే, విశ్వేశ్వరరావు నోటితో విశ్వేశ్వరరావు చెప్పాలి: ఇతను అడిగాడు, తప్పు నాది అని. వేరే ఏదిచ్చినా వద్దు.

అతన్ని డబ్బాల షెడ్డుకు మార్చారు. పంపులు పెట్టి పంపే చెక్కపెట్టెలకు మేకులు కొట్టే పని. దసరానాడు ఆ ఫ్యాక్టరీలో మొదటి బొట్టు ప్యాట్రన్ పనివాడి పనిముట్లకే పెడతారు, ఆ తర్వాతే లేతు మిషన్లకు, కొలిమికి. ఏడు దసరాలు బాలనర్సయ్య తన ఉలినీ బాడిసెనూ గుడ్డలో చుట్టి ఇంట్లోనే ఉంచాడు. సుత్తికి బొట్టు పెట్టబోతే "దానికొద్దు తియ్" అని పక్కకు జరిగేవాడు.

కానీ డబ్బాల షెడ్డు అతనికి ఒక బడి అయింది, ఆ సంగతి వాళ్ళకెవరికీ తెలియదు. పరదేశం నుంచి మిషన్ల భాగాలు పెట్టెల్లో వచ్చేవి. పెట్టె విప్పేది అతనే. ప్రతి పెట్టెలో వస్తువుతో పాటు దాని డ్రాయింగు ఉండేది. కాగితం ఒక చేత, వస్తువు ఒక చేత పట్టుకుని చూసేవాడు. కొన్ని కాగితాల్లో కుడి నుంచి చూసిన బొమ్మను కుడి పక్కనే వేశారు. మరికొన్నిటిలో అదే బొమ్మను ఎడమకు వేశారు. ఓరినీ! ఒక్కో దేశానిది ఒక్కో ఆచారం. ఏ కాగితం ఏ ఆచారమో చెప్పడానికి మూలన గోరంత గుర్తు: కొన తెగిన గరాటు ఒకటి, పక్కన ఒకదానిలో ఒకటి రెండు సున్నాలు. మన ఆఫీసువాళ్ళు కంపెనీ పేరు గడి అతికించేది సరిగ్గా ఆ మూలనే. గుర్తు ఆ గడి కిందికి పోయింది, దాంతో పాటే తన బతుకూ పోయింది. ఈ సంగతి అర్థమైన రోజు బాలనర్సయ్య మేకుల డబ్బా మీద కూర్చుని పగలబడి నవ్వాడు. ఎవరికీ చెప్పలేదు, లింగమూర్తికి కూడా.

మరి విశ్వేశ్వరరావు నేర్చుకోలేదా అంటారు. ఎలా నేర్చుకుంటాడు? తప్పు వడ్లవాడిదని పదిమందికి చెప్పి చెప్పి చివరికి తనే నమ్మేశాడు. తప్పు తనది కాదనుకున్నవాడికి వెతకవలసిన అవసరం ఏముంది?

డెబ్బై ఆరులో పెద్ద పంపుకు ఆర్డరు మాట్లాడుకున్నారు. కొనేవాళ్ళు ఫలానా రోజు వచ్చి మచ్చు చూస్తారు, నచ్చితేనే ఖాయం. డొక్కు లోపల వంకర్లు ఎక్కువ. ప్యాట్రన్ షెడ్డులో ఇద్దరు కొత్తవాళ్ళు చెక్కారు, రెండూ పగిలిన కుండల్లా వచ్చాయి. ఇరవై రోజులే ఉన్నాయి. "ఆ పని జేసే చెయ్యి డబ్బల షెడ్డుల మేకులు కొడుతున్నది సార్" అన్నాడు లింగమూర్తి, పెద్దాయన రామ్మోహనరావు ముందే.

ఇంకేముంది, ఇస్త్రీ చొక్కా డబ్బాల షెడ్డుకు నడిచి వచ్చింది. "బాలనర్సయ్యగారూ, కాస్త మీరే ఈ పని చూడాలండి. పాతవన్నీ మనసులో పెట్టుకోకండి."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఏడేళ్ళకు వచ్చిన ఆ 'గారు' చూసి బాలనర్సయ్య చేతులు జోడించాడు. "అయ్యో, అట్లనకుండ్రి సార్. కాయిదం తెండ్రి" అన్నాడు.

కాగితం చూశాడు. మూలన కంపెనీ పేరు గడి, గుర్తు లేదు. పరదేశపు బొమ్మ. లోపలి కనబడని వంకర్లను చూపే చుక్కల గీతలను బట్టి అసలు ఎటు ఉండాలో ఈసారి అతనికి తెలుసు. తెలిసీ, లింగమూర్తి, ఇద్దరు కొత్తవాళ్ళు వింటుండగా అమాయకంగా అడిగాడు.

"సార్, ఈ గొట్టం కుడికా, ఎడమకా?"

విశ్వేశ్వరరావు మొహం చిట్లించాడు. మళ్ళీ అదే ప్రశ్న! "డ్రాయింగులో ఉన్నట్టు చెయ్యండి. మన డ్రాయింగులు ఎప్పుడూ ఎలా చదువుతామో అలాగే."

"కిందటిసారి మాట మీద వోయింది సార్. గిప్పుడు ఈ కాయిదం మీద రాసియ్యుండ్రి. నేను అడిగిన్నని గూడ రాయుండ్రి. నాకు చదువు రాదు, లింగమూర్తి చదివి చెప్తడు."

తొందరలో ఉన్నవాడు రాశాడు. 'బాలనర్సయ్య అడిగినందున: ఎప్పటివలెనే చదివి చేయవలెను.' సంతకం, తేదీ. లింగమూర్తి పైకి చదివాడు. బాలనర్సయ్య కాగితం కళ్ళకద్దుకున్నాడు.

ఇంటి నుంచి ఉలి, బాడిసె వచ్చాయి. ఏడేళ్ళ ఆకలితో చెక్కాడు. పద్దెనిమిది రోజుల్లో ప్యాట్రన్ తయారు. అంత అందమైన పని ఆ షెడ్డు ఎన్నడూ చూడలేదు. తెలిసి తెలిసి తప్పుగా చేసిన పని అది. కానీ అందులో ఒక కిటుకు పెట్టాడు. నీళ్ళు పీల్చే మూతిని డొక్కుతో కలిపి చెక్కకుండా విడిగా చేసి, నాలుగు చెక్క మేకులతో బిగించాడు. పైన రంగు పూసేసరికి అతుకు కనబడలేదు.

మచ్చు పోతపోశారు, లేతు మీద గీకారు. కొనేవాళ్ళు వచ్చిన పొద్దున దాన్ని ఆవరణలో బల్ల మీద పెట్టి మోటారు బిగించబోతే, మోటారు ఉండాల్సిన చోట మూతి ఉంది. అటు మూతి ఉండాల్సిన చోట చదునుగా ఇనుము ఉంది. వచ్చినవాళ్ళను టీ తాగుదురు రమ్మని లోపలికి తీసుకుపోయారు.

"మళ్ళీ వీడే! మళ్ళీ ఈ బండి చక్రాలవాడే!" అని అరిచాడు విశ్వేశ్వరరావు. గారు ఎటో పోయింది.

బాలనర్సయ్య తొందరపడలేదు. సైకిలు దగ్గరకు నడిచి, వెనక కట్టుకొచ్చిన పాత పీటను విప్పాడు. అరిగి నల్లబడిన అరవై తొమ్మిది నాటి ప్యాట్రన్. తెచ్చి కొత్త డొక్కు పక్కన పెట్టాడు. రెండూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఆ పైన కాగితం విప్పి రామ్మోహనరావు చేతికిచ్చాడు. మూలన అతికించిన గడిని గోటితో లేపి, దాని కింద దాగిన గుర్తు ఏం చెబుతోందో నేల మీద మేకుతో గీసి చూపించాడు.

రామ్మోహనరావు రాత చదివాడు. రెండుసార్లు చదివాడు. "సరిచెయ్యడానికి ఎన్నాళ్ళు?"

"గింత సేపు. గని విశ్వేశ్వరరావు సార్ ముందుగాల ఒక్క మాట జెప్పాలె. ఆనాడు నేను అడిగిన్నా, లేదా?"

లోపల కొనేవాళ్ళు టీ తాగుతున్నారు. రామ్మోహనరావు విశ్వేశ్వరరావు వైపు చూశాడు.

"...అడిగాడు."

"పోతకొలిమి కాడికి ఇనవడలే సార్."

"అడిగాడు! అప్పుడూ అడిగాడు, ఇప్పుడూ అడిగాడు. తప్పు నాది!"

ఏడేళ్ళ కింద నవ్వినవాళ్ళలో ఒక్కడూ నవ్వలేదు. బాలనర్సయ్య ప్యాట్రన్‌ను తెప్పించి, నాలుగు మేకులు తట్టి తీసి, మూతిని అటు నుంచి ఇటు మార్చి మళ్ళీ తట్టి, అతుకు మీద రంగు పూశాడు. గొట్టం కుడికి వచ్చింది. లింగమూర్తి "ఓరి నీ పాసుగూల!" అని నోరు తెరిచాడు. మధ్యాహ్నానికల్లా పోతపోస్తే రేపు మచ్చు చూపించవచ్చు.

"ఇగ దీన్ని పోతషెడ్డుకు తీస్కవోవాలె" అని బాలనర్సయ్య ప్యాట్రన్ ఎత్తి విశ్వేశ్వరరావు చేతుల్లో పెట్టాడు. "చేతులల్ల గాదు సార్, తలమీద వెట్టుకోండ్రి. అందరు సూడాలె."

ఆ ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకు విశ్వేశ్వరరావు నడిచాడు. అతుకు మీద పూసిన రంగు ఇంకా ఆరలేదు, చొక్కా భుజం మీద ఎర్రగా అంటింది. బాలనర్సయ్య ఒక్క అడుగు కూడా వదలకుండా చూశాడు.

ఆ ఏడాది దసరాకు మొదటి బొట్టు మళ్ళీ అతని ఉలికి పెట్టారు. "ఇగనన్న ఆ మొద్దును పొయ్యిల వెట్టనా?" అని అడిగింది రుక్కమ్మ. "ఉండనియ్యి, ఇంక పనున్నది" అన్నాడు.

పని ఏమిటో మర్నాడే తెలిసింది. కిందికి వచ్చిన ప్రతి డ్రాయింగునూ చంకన పెట్టుకుని మెట్లెక్కేవాడు. గుమాస్తాలందరూ వింటుండగా గుమ్మంలో నిలబడి అడిగేవాడు. జవాబు రాసి సంతకం పెట్టేదాకా కదిలేవాడు కాదు. వారానికి మూడుసార్లు, నాలుగుసార్లు. రెండేళ్ళు గడిచాయి. విశ్వేశ్వరరావు బదిలీకి అర్జీ పెట్టుకున్నాడని తెలిసిన రోజు కూడా ఒక కాగితం తెచ్చాడు. మంచినీళ్ళ తొట్టి మీద వేసే మూత అది. ఒకటే గుండ్రటి గీత, మధ్యలో ఒక సున్నా.

"సార్, ఇది కుడికా, ఎడమకా?"

గుమాస్తాలు రాయడం ఆపేశారు. విశ్వేశ్వరరావు ఆ గుండ్రటి గీతను చాలాసేపు చూశాడు, తర్వాత కలం మూత తీశాడు.