చీమ దూరని ఇల్లు

అగరొత్తి వెలిగించి ఇల్లంతా తిరుగుతుంటే మా అత్తగారు చేతులు జోడించి కళ్లకద్దుకున్నారు. పూజ అనుకున్నారు పాపం. నేను వెతుకుతున్నది దేవుణ్ణి కాదు, సందుల్ని. కిటికీ అంచున అగరొత్తి పెట్టినప్పుడు పొగ నిటారుగా లేస్తే ఫరవాలేదు. లోపలికి వంగిందంటే అక్కడినుంచి చలిగాలి దూరుతున్నట్టే. దూరిన ప్రతిచోటా టేపో, జిగురో, ప్లాస్టిక్ కాగితమో వేసి మూసేశాను.

మంచు కురిసే ఈ ఎడిసన్ ఊళ్లో మాది పాత ఇల్లు. అంతకుముందు చలికాలం గ్యారేజీ గోడలోని నీళ్ల పైపు గడ్డకట్టి పగిలి, వంటింట్లో చీలమండల లోతు నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లు ఎత్తిపోసిన దాన్ని నేను. మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్లో లేరు. అందుకే ఈసారి పంతం పట్టాను. రెండు వారాలు ఇంట్లో ఎవరి కాలూ నిలవనివ్వలేదు. బయటి కుళాయి కట్టేసి నీళ్లు వంపేశాం. కిటికీలకు ప్లాస్టిక్ అంటించి, హెయిర్ డ్రయ్యరుతో బిగుతుగా లాగించాను. అసలే నాకు ముక్కు మీద కోపం. పని చేసేటప్పుడు అది నెత్తికెక్కుతుంది.

ఇక గ్యారేజీ సంగతి. మా వీధిలో తెలుగువాళ్ల ఇళ్లలో గ్యారేజీ అంటే రెండో వంటిల్లు. మూలన ఒక బల్ల, దాని మీద రెండు బర్నర్ల స్టవ్, కింద సిలిండర్. నూనె వంటలన్నీ అక్కడే. ఇంట్లో చేస్తే ఆ వాసన జాకెట్లకు పట్టి ఆఫీసు దాకా వెంట వస్తుంది. వండినంతసేపూ గ్యారేజీ తలుపు నడుం ఎత్తున లేపి ఉంచుతాం.

ఆ తలుపు కిందే నేను కొత్త రబ్బరు పట్టీ బిగించాను. రెండు పక్కలా ఫోమ్ టేపు వేశాను. గ్యారేజీలోంచి ఇంట్లోకి వచ్చే తలుపు చుట్టూ మరో పట్టీ. చీమ దూరే సందు లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం, కాలేజీలో ఉన్న మా అమ్మాయికి పంపడానికి జంతికలు చేస్తానని అత్తయ్య పిండి కలుపుకుని గ్యారేజీలోకి వెళ్లారు. ఆరేళ్లుగా మాతోనే ఉంటున్నారు. ఆవిడ వంటకు అడ్డు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, నాకు తప్ప. తలుపు మీట మీద చెయ్యి వేశారో లేదో, నేను వెనకనుంచి అరిచాను.

"అత్తయ్యా, ఆ తలుపు ఎత్తకండి! మళ్లీ పైపు పగిలితే ఈసారి నా వల్ల కాదు."

"జానెడు ఎత్తుతానే అమ్మాయ్. నూనె సెగకి నాకు ఊపిరాడదు."

"జానెడూ వద్దు, బెత్తెడూ వద్దు. రెండు వారాలు పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరవుతాయి."

"సరేలే తల్లీ. నీ ఇల్లు, నీ ఇష్టం" అని మూతి ముడుచుకుని స్టవ్ వెలిగించారు.

మా ఆయన మంచు కరగడానికి మెట్ల మీద చల్లే ఉప్పు బస్తాలు తేవడానికి కారు తీసుకుని వెళ్లారు. నేను బేస్‌మెంట్‌లోకి దిగి పైపులకు ఫోమ్ తొడుగుతూ గంటకు పైగా ఉండిపోయాను. పైకొచ్చి వంటింట్లో నిలబడి గట్టిగా గాలి పీల్చాను. నూనె వాసన ఇసుమంతైనా లేదు. ఎంత మురిసిపోయానో! నా భుజం నేనే చరుచుకున్నాను.

"అత్తయ్యా, కాఫీ కలపనా?" అని కేకేశాను. పలకలేదు. అలిగారనుకున్నాను. కాఫీ కలిపి, గ్లాసు పట్టుకుని వెళ్లి గ్యారేజీ వైపు తలుపు లాగితే ఒక పట్టాన రాలేదు. కొత్త పట్టీ పట్టేసింది. గ్లాసు కింద పెట్టి రెండు చేతులా లాగాను.

అత్తయ్య బియ్యం బస్తాకి చేరగిలబడి ఉన్నారు. ఒళ్లో జంతికల గొట్టం, వేళ్లకు పిండి. బాణలిలో జంతికలు బొగ్గులై పొగ కక్కుతున్నాయి. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు.

"అత్తయ్యా!"

స్టవ్ కట్టేసి, గ్యారేజీ పెద్ద తలుపు మీట నొక్కి, ఆవిడ చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చుకొచ్చాను. ఇద్దరికీ కాళ్లకు చెప్పులు లేవు. నేల మంచు. నాకూ తల తిరుగుతోంది. నైన్ వన్ వన్‌కి ఫోన్ చేసి ఏం మాట్లాడానో గుర్తు లేదు. అడ్రస్ మాత్రం చెప్పగలిగాను. ఆవిడ చెంపలు తడుతూ "లేవండి, లేవండి, తిట్టండి నన్ను" అంటూనే ఉన్నాను.

ఫైరింజనూ అంబులెన్సూ వచ్చాయి. అత్తయ్యను స్ట్రెచర్ మీద వేసి ఆక్సిజన్ పెట్టారు. ఒక ఫైర్‌మన్ గాలిని కొలిచే మీటరు పట్టుకుని గ్యారేజీలోకి రెండడుగులు వేశాడు. తలుపు తెరిచి అంతసేపైనా మీటరు గీపెట్టింది. ఆరడుగుల మనిషి గబుక్కున వెనక్కొచ్చి మాస్కు మొహానికి తగిలించుకున్నాడు. ఆ గాలిలో నా చేతులతో నేను ఆవిణ్ణి కూర్చోబెట్టాను.

కార్బన్ మోనాక్సైడ్ అట. రంగుండదు, వాసనుండదు. మూసిన చోట గ్యాస్ స్టవ్ అలా మండుతూ ఉంటే మనిషిని కూర్చున్నచోటే పడుకోబెట్టేస్తుందట. ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం లేదా అని అడిగాడు. ఉంది. మోగలేదు. నేను బిగించిన తలుపు దాటి ఆ విషం ఇంట్లోకి రాలేకపోయింది. ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

అప్పుడే మా ఆయన ఉప్పు బస్తాలతో వచ్చి, కారు వీధిలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. అత్తయ్యకు అప్పటికి తెలివొచ్చింది. ఫైర్‌మన్ మా అందరి వైపూ చూసి, ఈ తలుపు మూసి వండమన్నది ఎవరని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య మాస్కు పక్కకు లాగేసుకున్నారు.

"మీ. ఐ క్లోజ్. టూ కోల్డ్" అన్నారు వచ్చీరాని ఇంగ్లీషులో.

"అమ్మా! ఎన్నిసార్లు చెప్పానే నీకు, తలుపెత్తి వండమని!" మా ఆయన ఏడుస్తూనే తిట్టారు. "చలేస్తే మానెయ్యాలి గానీ, ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? ఇంత మొండితనమా?"

ఆవిడ తల వాల్చుకుని అన్నీ విన్నారు. ఊళ్లో ఎవరినైనా కడిగిపారేసే నేను, ఆవిడ వేళ్లకంటిన పిండి తుడుస్తూ ఉండిపోయాను.

అంబులెన్సులో ఆవిడ పక్కన నేనే కూర్చున్నాను. "ఎందుకలా చెప్పారు అత్తయ్యా? ఎత్తొద్దన్నది నేను కదా" అన్నాను.

"నా మీద కోపం వాడికి పొద్దుగూకే లోపు పోతుంది" అన్నారు మాస్కులోంచి. "నీ మీదొస్తే ఉండిపోతుంది. నోర్మూసుకుని ఊరుకో."

ఊరుకోవలసింది. ప్రమాదం తప్పిందని డాక్టరు చెప్పాక కూడా మా ఆయన ఆస్పత్రి వరండాలో "మా అమ్మ మొండితనం, మా అమ్మ మొండితనం" అని తల కొట్టుకుంటుంటే వినలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అరుస్తారని నిలబడ్డాను. అరవలేదు. నా వైపు ఒక్కసారి చూసి, లోపలికి వెళ్లి తల్లి మంచం పక్కన కూర్చున్నారు.

ఇది జరిగి రెండేళ్లయింది. అత్తయ్య దుక్కలా ఉన్నారు. నాతో రోజుకో పోట్లాట మామూలే. మా ఆయన ఆనాటి మాట మళ్లీ ఎత్తలేదు. నాతో బాగానే మాట్లాడతారు, నవ్వుతారు. కానీ ఆఫీసు పని మీద రెండు రోజులు ఊరెళ్లాల్సి వచ్చినా, ఏదో ఒక వంక చెప్పి ఫిలడెల్ఫియాలో చెల్లెలింట్లో తల్లిని దింపి వెళ్తారు. నా దగ్గర ఉంచరు.