నాసిక్ ద్రాక్షతోటలో మా గంగామణి అక్క

నిన్న పొద్దున కాలేజీలో అటెండెన్స్ తీసుకుంటుండగా ఫోన్ మోగింది. అక్క బిడ్డ శిరీష.

"చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు."

అర్థం కాలేదు. డాక్టర్‌కు చూపించండి అన్నాను.

"చూపెట్టినం చిన్నమ్మా. పోయిందట."

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి ఏడుస్తూ కూర్చున్నాక కూడా రాంగ్ న్యూస్ అయి ఉంటుందనే అనుకున్నాను. యాభై రెండేళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు.

లింగంపేట దాటుతుండగా ఫోన్ తెరిచాను. వాళ్ళ ఊరి వాట్సాప్ గ్రూప్ నిండా దండం పెట్టే చేతులు. "మహాతల్లి." "మా ఊరి అన్నపూర్ణ."

అక్కడ నా ఏడుపు ఆగిపోయింది. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం: గంగామణి మా పెద్దమ్మ కూతురు. పుట్టింది మహారాష్ట్ర సరిహద్దున బిచ్కుందలో, మెట్టింది ఎల్లారెడ్డి పక్కన ఒక ఊళ్ళో. అక్కడి బడిలో పన్నెండేళ్ళు పిల్లలకు మధ్యాహ్న భోజనం వండింది.

పోయిన చలికాలం సెలవుల్లో ఇద్దరం షిరిడీ పోయాం. దర్శనం అయ్యాక ఒక రోజు మిగిలింది. నాసిక్ దగ్గర ఒక పల్లెలో, ద్రాక్షతోటలో కుకింగ్ క్లాస్, ఆ తర్వాత వైన్ టేస్టింగ్ అని ఆన్‌లైన్‌లో చూసి నేనే బుక్ చేశాను.

తను అడగలేదు. నేనే.

"వంట నేర్చుకునేతందుకు రైలెక్కి వచ్చిన్నా చెల్లె? రోజూ నూటిరవై మందికి వండుతున్న!" అని దారంతా నవ్వింది.

నేర్పే ఆవిడ మరాఠీ తప్ప ఇంకో ముక్క మాట్లాడదు. నా పీహెచ్‌డీ ఎందుకూ పనికిరాలేదు. అక్కది బిచ్కుంద మరాఠీ. పది నిమిషాల్లో ఇద్దరూ అత్తగార్ల ముచ్చట్లలో పడ్డారు. జొన్నరొట్టె నేర్పాల్సిన ఆవిడ పక్కకు జరిగి, పీట అక్కకిచ్చింది. అక్క అరచేతులతో కొట్టిన రొట్టె పెనం మీద పొంగుతుంటే పుణే నుంచి వచ్చిన అమ్మాయిలు వీడియోలు తీశారు.

నా రొట్టె చూసి, "గిదేంది చెల్లె, బర్రె తొక్కిందా?" అంది.

తర్వాత వైన్. చెట్ల కింద బల్ల. తోట మేనేజర్ గ్లాసుల్లో అడుగున కొంచెం పోసి, వాసన చూసి ఏమనిపిస్తుందో చెప్పమన్నాడు. అందరూ ఇంగ్లీషులో ఏవేవో పండ్ల పేర్లు చెప్పారు.

అక్క నవ్వుతూ గ్లాసు తీసుకుని, ముందు కాస్త నేల మీదికి వంచింది.

సాక. అంతే. కల్లు ముట్టేముందు ఎల్లమ్మకో పోచమ్మకో అని భూమ్మీద పోస్తామే, అది.

పాపం ఆ మేనేజర్, వైన్ నచ్చక పారబోసిందనుకుని కంగారుగా ఇంకో సీసా తెచ్చాడు. అక్క నవ్వాపుకుని మరాఠీలో విడమరిచి చెప్పింది. అది విని ఆయన కూడా తన గ్లాసులోంచి కొంచెం నేలకు పోశాడు.

అప్పుడు అక్క ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"నేరేడు పండ్లు కుండల ఏసి మరిచిపోతే గిట్లనే అయితయి!"

ఆ సాక పోస్తున్నప్పుడే నేను ఫొటో తీశాను. వంగిన గ్లాసు, కారుతున్న ఎర్రటి చుక్కలు, అక్క నవ్వు. ఫేస్‌బుక్‌లో పెట్టాను.

మేం కామారెడ్డిలో రైలు దిగేసరికి అది ఊరి గ్రూప్‌లో ఉంది.

"మత్తుల చెయ్యి నిలుస్తలేదు." "బడి పిల్లలకు వండే చెయ్యి గిదేనా?"

బోనాలకు సాక పోసే చేతులే అవి టైప్ చేశాయి. పసుపూ వేపమండా పక్కన లేకపోతే సాకను గుర్తుపట్టలేరా మీరు? రోజూ సాయంత్రం కల్లు కాంపౌండులో కూర్చునేవాళ్ళకు, ఒక ఆడమనిషి చేతిలో గాజు గ్లాసే తప్పయి కనిపించిందా?

వారం తిరక్కుండా బడిలో మీటింగ్ పెట్టారు. "కొన్నొద్దులు రాకు గంగామణీ, మాట సల్లారనీ" అన్నారట.

నెలలు గడిచినా ఆ కొన్నొద్దులు మొన్నటిదాకా అయిపోలేదు.

మూడుసార్లు తనే వెళ్ళింది. "నేనేం జేసిన్నో చెప్పుండ్రి సార్" అని అడిగిందట. ఎవరూ చెప్పలేదు. ఇంటి ముందు కూర్చుని బీడీలు చుట్టింది.

మరి నేనేం చేశాను?

ఫేస్‌బుక్ నుంచి ఆ ఫొటో తీసేశాను. చప్పుడు చేయకుండా. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. అక్క ఫోన్ చేసి మండిపడింది.

"ఎందుకు తీసినవే? తీస్తే తప్పు జేసినట్టే గదా! ఉండనియ్యరాదు?"

"సాక పోసింది, తాగలేదు" అని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. అది అబద్ధం. తాగింది, ఒక గుక్క. తాగితే ఏమైంది అని రాసే ధైర్యం నాకు అప్పుడు రాలేదు. చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పేదాన్ని, నాకే రాలేదు.

ఆ బాధకే గుండె ఆగిందా? తెలియదు. అలా అనే హక్కు నాకుందో లేదో అదీ తెలియదు. గుండెపోటు అన్నారు డాక్టర్లు.

నిన్న సాయంత్రం బడి పెద్దసారు పూలదండతో వచ్చాడు. రేపు ప్రార్థనలో పిల్లలందరితో రెండు నిమిషాలు మౌనం పాటింపజేస్తామన్నాడు.

శిరీష లేచి నిలబడింది.

"మౌనమొద్దు సార్. గిన్ని నెలలు అందరు మౌనంగనే ఉన్నరు. మా అమ్మ తప్పు జెయ్యలేదని పిల్లల ముంగట ఒక్క మాట చెప్పుండ్రి. చాలు."

ఆయన దండ వేసి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఈరోజు ప్రార్థన అయింది. ఆ మాట చెప్పలేదట.

రెండు నిమిషాల మౌనం మాత్రం పాటించారట.

కాబట్టి నేను చెప్తున్నాను. చాలా ఆలస్యంగా. మా గంగామణి అక్క ఏ తప్పూ చెయ్యలేదు.

కింద కామెంట్లలో రెస్ట్ ఇన్ పీస్‌లు పెట్టకండి. దండాల బొమ్మలు వద్దు. రాయగలిగితే పైనున్న ఆ ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే ఊరుకోండి, మీకది అలవాటే.

పోయిరా అక్కా. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని చోట హాయిగా ఉండు.