మా యూనివర్సిటీ గురించి నాలుగు మాటలు

డ్యూసెల్‌డార్ఫ్‌లో మా తెలుగు బడి శనివారాల్లో ఒక కిటాలో, అంటే జర్మన్ల పసిపిల్లల కేంద్రంలో, నడుస్తుంది. పసిపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, పెద్దవాళ్ళం ఏడాదికోసారి ఇంకో పని కూడా చేస్తాం. పైచదువులకు వెళ్ళబోయే పిల్లలకు ఎవరం చదివిన యూనివర్సిటీని వాళ్ళం పరిచయం చేస్తాం. నా వంతు కెనడాలోని యూనివర్సిటీ. చాలా పాతది, రాతి కట్టడాలది. పేరు వినగానే తండ్రులు ఫోన్లు జేబులో పెట్టేసి శ్రద్ధగా వింటారు.

నేను బాగా చెబుతానని పేరుంది. గ్రంథాలయం గురించైతే కళ్ళకు కట్టినట్టు చెబుతాను, ఏ కిటికీ దగ్గర ఎన్ని గంటలకు ఎండ పడుతుందో సహా. అంత వివరంగా ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. అక్కడ రెండో సెమిస్టర్‌లో నేను క్లాసులకు వెళ్ళడం మానేశాను. పెద్ద కారణమేమీ లేదు. ఒక పరీక్ష పోయింది. తర్వాత కొన్నాళ్ళు మంచం మీంచి లేవలేకపోయాను. ఆ తర్వాత ప్రొఫెసర్‌కి ముఖం చూపించాలంటే సిగ్గేసింది. గదిలో ఉండే అమ్మాయిలకు అనుమానం రాకూడదని రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్ళి, సాయంత్రం దాకా ఆ గ్రంథాలయంలో ఊరికే కూర్చుని వచ్చేదాన్ని. అలా ఐదు నెలలు గడిపాను. చివరికి వాళ్ళే నా పేరు కొట్టేశారు.

హైదరాబాద్ డిగ్రీతోనే ఇక్కడ ఉద్యోగం వచ్చింది. కెనడా కాగితాలు ఎవరికీ అవసరం పడలేదు. "అక్కడ చదివాను" అంటాను, అందులో అబద్ధం లేదు. పూర్తి చేశానని ఎన్నడూ అనలేదు, ఎవరైనా అలా అనుకుంటే కాదనీ అనలేదు. మా ఆయన కూడా అలాగే అనుకున్నాడు. ఇంత నాజూకైన మోసం చెయ్యడానికి నాలాంటి పిరికిదే సరిపోతుంది.

మూడేళ్ళ క్రితం ఆ సమావేశానికి, గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఒక డాక్టరుగారు కూతుర్ని తీసుకొచ్చారు. అందరూ టీ తాగుతుంటే ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. ఇంట్లో నేర్చిన తెలుగులో మెల్లిగా అడిగింది.

"ఆంటీ, అక్కడ నాకు కుదరకపోతే ఏమవుద్ది? అట్టా మధ్యలో ఆపేసినోళ్ళు ఎవరైనా ఉన్నారా, మీకు తెలిసి?"

రెండడుగుల దూరంలో వాళ్ళ నాన్న నన్నే చూస్తున్నారు.

"నీలాంటి తెలివైన పిల్లకి ఆ భయమెందుకమ్మా? అలాంటివాళ్ళు నాకెవరూ తెలీదు" అన్నాను.

ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు సిగ్గు కలగలేదు, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేసేది ఆ ఊపిరికే.

ఆ అమ్మాయి అక్కడే చేరింది. పోయిన ఫిబ్రవరిలో డాక్టరుగారు ఫోన్ చేశారు. "క్లాసులకు పోక ఏడాదవతందంటమ్మా. అన్నం కూడా సరిగా తినట్లేదని దాని రూమ్మేట్ చెప్పింది. మేం చేస్తే ఎత్తట్లా. మీరు అక్కడ నెగ్గుకొచ్చినవాళ్ళు, మీ మాటంటే దానికి గురి. ఒక్కసారి చెప్పండి." ఎందరికో చెడ్డ కబుర్లు స్థిమితంగా చెప్పిన మనిషి, ఆ చివరి మాట నాతో మూడుసార్లు అన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ చేశాను. ఎత్తింది గానీ ముఖం చూపించలేదు. గది పైకప్పు మాత్రం కనిపించింది. ధైర్యంగా ఉండాలని, అన్నీ సర్దుకుంటాయని మొదలుపెట్టాను.

"మీకు అర్థం కాదు ఆంటీ. మీరు ఫినిష్ చేశారు కదా."

"నేను పూర్తి చెయ్యలేదమ్మా" అన్నాను.

మొత్తం చెప్పాను. గ్రంథాలయంలో ఊరికే కూర్చున్న సంగతి, పేరు కొట్టేసిన సంగతి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియడం అదే మొదలు.

అటునుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది.

"ఆ రోజు నేను అడిగింది అందుకే ఆంటీ. ఒక్కళ్ళన్నా ఉన్నారని తెలిస్తే చాలనుకున్నా. మీరు ఎవరూ లేరన్నారు. నేనే ఫస్ట్ అనుకున్నా, అందుకే ఎవరికీ చెప్పలా."

ఆ పిల్ల ఫోన్ పెట్టెయ్యకుండా ఏడుస్తూనే ఉంది. నేను వింటూ కూర్చున్నాను.